హద్దుల్లో దొరికే తాతలు

దస్తావేజులో మనిషి పేరు రెండు రకాలుగా పడుతుంది. అమ్మినవాడిగానో కొన్నవాడిగానో పడితే ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, వృత్తి, కాపురం ఉండే ఊరు అన్నీ వరసగా, కుదురుగా ఉంటాయి. పక్క చేను గలవాడిగా హద్దుల్లో పడితే మాత్రం ఊరు అతణ్ణి ఏమని పిలుస్తుందో ఆ పేరే పడుతుంది. "తూర్పు: మేడోళ్ల కొబ్బరితోట. దక్షిణం: ఊరి పుంత. పడమర: పంటబోదె. ఉత్తరం: బావికాడోళ్ల జిరాయితీ." కోనసీమలో దస్తావేజు లేఖరిగా బతుకంతా గడిపినవాణ్ణి. మా నాన్నగారిదీ అదే పని. తాతముత్తాతల ఆనవాళ్లు వెతుక్కుంటూ పాత కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఒకటే. మొదటి పేజీ దగ్గర ఆగిపోకండి, హద్దులు రాసే షెడ్యూలు చదవండి. మీది కాని దస్తావేజు దొరికినా చదవండి. మీ ముత్తాత మీ ఇంటి కాగితాల్లో కంటే పొరుగువాడి కాగితాల్లోనే తేటగా కనిపిస్తాడు.

మన దగ్గర పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. ఒక సుబ్బారాయుడికి నలుగురు కొడుకులుంటే నలుగురూ తమ పెద్దవాడికి తండ్రి పేరే పెట్టుకుంటారు. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఇంచుమించు ఒకే ఈడు, నలుగురు సుబ్బారాయుళ్లు. రెండు తరాలు గడిచేసరికి మళ్లీ ఇంకో నలుగురు. తండ్రి పేరు చూసి విడదీయవచ్చు కదా అంటారు. తండ్రుల పేర్లు కూడా అలాగే కలిసిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. అలాంటి చోట ఒకణ్ణి ఇంకొకడి నుంచి వేరు చేసేది పొట్టి, పొడుగు, నల్ల, ఎర్ర, పెద, చిన అనే చిన్న మాటే. నల్ల సుబ్బారాయుడి వాటా ఎర్ర సుబ్బారాయుడి కొమ్మకి వేలాడదీసిన వంశవృక్షాలు ఫ్రేములు కట్టించి గోడలకి తగిలించి ఉన్నాయి.

ఇంకో కారణం వంటింట్లో ఉంది. అత్తగారి పేరు, మామగారి పేరు కోడలు నోట పలకకూడదు. ఆ పేరే బిడ్డకి పెట్టారు. మరి కేకేసి పిలవడం ఎలా? అందుకని అబ్బులు, బుల్లబ్బాయి, చంటి, దొరబాబు, అమ్మణ్ణి, బుల్లెమ్మ. గోదావరి జిల్లాల్లో ఇలాంటి పేరు లేని ఇల్లు లేదు. ఇవన్నీ ముద్దుకి పెట్టినవని అందరూ అనుకుంటారు గాని, చాలా ఇళ్లలో మర్యాద కోసం పుట్టాయి. బిడ్డ పెద్దవాడై, మీసాలు నెరిసి, మనవల్ని భుజానికెత్తుకున్నా ఊరికి అతను అబ్బులే. ఆస్తి రాసేరోజు అసలు పేరు చదివితే సాక్షులకే తెలియని సందర్భాలు ఉన్నాయి. "ఉరఫ్ అబ్బులు" అని కలిపితే గాని అందరూ తలలూపరు. ఆ ఉరఫ్ అనే మాట ఉన్న దస్తావేజు ఒక్కటి దొరికినా వంశవృక్షం రాసేవాడికి పండగే. రెండు పేర్లూ ఒకే మనిషివని సాక్షి సంతకాలతో సహా రుజువు అది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తయారుచేసినవాళ్లు ఈ దేశపు పేర్ల సంగతి ఆలోచించే రాశారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు ఏమిటో చెబుతూ ఊరు, వృత్తి, తండ్రి పేరు అంటూనే, ఎవరినైనా ఫలానా తల్లి కొడుకని పిలవడం వాడుకగా ఉంటే తల్లి పేరు రాయమని రెండో సెక్షన్‌లోనే పెట్టారు. అది ఊళ్లను చూసి రాసిన మాట. భర్త పోయాక పిల్లల్నీ పొలాన్నీ ఒంటిచేత్తో నిలబెట్టిన తల్లుల పేర్ల మీద మా వైపు ఇళ్లకి ఇళ్లే వెలిశాయి. మంగమ్మోళ్లు, చిట్టెమ్మోళ్లు అంటే అలా వచ్చినవే.

మా ఇంటిని ఊళ్లో రంగమోళ్లు అంటారు.

ఇది మా ఇంటిపేరు కాదు. ఓటర్ల జాబితాలోగాని, పాసుపుస్తకంలోగాని ఎక్కడా ఈ మాట లేదు. అయినా మా ఊరు వచ్చి ఇంటిపేరు చెప్పి అడిగితే నాలుగు వీధులు చూపిస్తారు. రంగమోళ్లు అంటే తిన్నగా మా గుమ్మంలోకి తెచ్చి దింపుతారు. ఆ పేరు ఎందుకు వచ్చిందంటే మా మేనత్త ఒక కథ చెప్పేది. మా ముత్తాత తల్లి రంగమ్మ అని ఉండేదట. చిన్నతనంలోనే భర్త దూరమైతే ఇద్దరు మగపిల్లల్ని రెక్కల కష్టంతో పెంచి, ఇల్లు కట్టి, తోట వేసి, కొడుకుల్ని ఒడ్డుకి చేర్చిందట. ఆవిడ పేరు మీద మనం రంగమ్మోళ్లమయ్యాం, అది నోట్లో నలిగి రంగమోళ్లు అయింది అనేది. కథలో అసంభవం ఏమీ లేదు. అలా వెలసిన ఇళ్లు ఉన్నాయని ఇప్పుడే చెప్పాను. కానీ మా ఇంట్లో ఉన్న పారీఖత్తుల్లో, అంటే అన్నదమ్ముల పంపకాల కాగితాల్లో, ఏ తరంలోనూ రంగమ్మ అనే పేరు లేదు. తల్లికి మనోవర్తి కింద ఏదైనా రాస్తే తప్ప ఆడవాళ్ల పేర్లు పారీఖత్తులో రావు కాబట్టి అదొక్కటీ చూసి కథని కొట్టెయ్యలేం.

అప్పుడు హద్దులు చూశాను. మా తోటకి ఆనుకుని ఉన్న చేను చేతులు మారుతూ వచ్చింది. ఆ కొన్నవాళ్ల దగ్గర లింకు దస్తావేజులు, అంటే అంతకుముందు అమ్మకాల కాగితాలు, భద్రంగా ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ పడమటి హద్దు మాదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాసినదాంట్లో మా తోట ఇంటిపేరుతోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక రాసినదాంట్లో "రంగం మేస్త్రి తోట" అని ఉంది. ఆ తరవాతి తరం రాసుకున్నదాంట్లో "రంగమోళ్ల తోట". మధ్యలో రంగమ్మ లేదు, మేస్త్రి ఉన్నాడు.

రంగం అంటే రంగూన్. మా కోస్తా జిల్లాల్లో పాతవాళ్లెవరూ రంగూన్ అనరు. రంగం వెళ్లాడు, రంగం నుంచి వచ్చాడు అనే అంటారు. 1852 యుద్ధం తరవాత దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. ఇరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. ఆ ధాన్యం ఆడించే మిల్లుల్లోకి, బస్తాలు ఓడకెత్తే రేవుల్లోకి మనుషులు కావలసి వచ్చారు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి మనవాళ్లు కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కి డెక్కు మీద కూర్చుని బంగాళాఖాతం దాటారు. మేస్త్రి అనేవాడు ఊళ్లలో తిరిగి, ముందుగా బయానా ఇచ్చి, జట్టు కట్టి తీసుకువెళ్లేవాడు. అక్కడ పని చూపించేదీ, కూలిలో తన వాటా పట్టుకునేదీ అతనే. కాబట్టి మేస్త్రి అనే పేరులో డబ్బూ ఉంది, ఊళ్లో కొందరి ఉసురూ ఉంది. మా ముత్తాత ఏ రకం మేస్త్రో నాకు కాగితాలు చెప్పలేదు. ఆయన జట్టులో వెళ్లినవాళ్ల మనవలు మా ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో ఆయన్ని తలచుకునే తీరు మా ఇంట్లో తలచుకునే తీరులా ఉండదు. వంశ చరిత్ర రాసుకునేవాడు ఆ ఇళ్లకి కూడా వెళ్లి వినాలి.

బర్మావాళ్లు మన తెలుగువాళ్లకి పెట్టిన పేరు కొరంగీ. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరే అది. 1839 ఉప్పెన ఆ రేవుని ఊడ్చిపెట్టేసింది, ఓడల వ్యాపారం కాకినాడకి మళ్లింది. రేవు పోయినా దాని పేరు మాత్రం సముద్రం అవతల మనుషుల మీద నిలిచింది. మారిషస్‌లో కూడా తెలుగువాళ్లని అదే పేరుతో పిలిచారు. 1931 లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య చెలరేగిన కొట్లాటల్లో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది కాళ్లు ఈడ్చుకుంటూ కొండలూ అడవులూ దాటి ఇటు వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో. వచ్చినవాళ్లని ఊళ్లు మళ్లీ రంగమోళ్లు అన్నాయి. అందుకని ఒకే ఊళ్లో రెండు రంగమోళ్లు ఉండవచ్చు. ఒక ఇల్లు డబ్బు తెచ్చుకుని వచ్చినవాళ్లది, ఇంకోటి కట్టుబట్టలతో వచ్చినవాళ్లది. వాళ్ల మధ్య చుట్టరికం ఉందని పేరు చూసి అనుకోకూడదు. ఉత్తరాంధ్రలో ఈ పేరు ఉన్నవాళ్లని మీ తాత ఎప్పుడు వచ్చాడు, 42కి ముందా తరవాతా అని ముందు అడగాలి.

పేరుకి తేదీ దొరికితే ఇంకో సంగతి కూడా తేలుతుంది. మా ముత్తాతకి అన్నగారు ఉన్నారు. వాళ్ల సంతతిని ఊళ్లో పాతింటోళ్లు అంటారు. రంగమోళ్లు అనే పేరు వాళ్లకి లేదు. మేనత్త చెప్పినట్టు అది తల్లి పేరే అయితే ఇద్దరు కొడుకుల కొమ్మలకీ రావాలి. తమ్ముడి కొమ్మకి మాత్రమే వచ్చిందంటే పంపకాలు అయిపోయాక పుట్టిన పేరన్నమాట. పాత ఇల్లు అన్నకి వదిలి తమ్ముడు వేరే కట్టుకున్నాడు. ఆ ఇంటి మండువా స్తంభాలు బర్మా టేకువి, ఇప్పటికీ చెద తగలలేదు. పారీఖత్తుల్లో మొదటి కాగితం దొరకని ఇళ్లలో పంపకాలు సుమారుగా ఎప్పుడు జరిగాయో చెప్పడానికి ఈ ఇంటి మారుపేర్లు పనికొస్తాయి. మేడోళ్లు, పెంకుటిల్లోళ్లు, కొత్తింటోళ్లు అంటే ఒకడు బయటికొచ్చి కట్టాడని. పాతింటోళ్లు అంటే ఒకడు ఉండిపోయాడని. ఈ పేర్లు కర్నూలు వైపు మిద్దోళ్లు అవుతాయి, పాలమూరు వైపు బంగ్లోళ్లు అవుతాయి. సంగతి ఒకటే.

మరి రంగమ్మ? ఆవిణ్ణి మేనత్త ఊహించి చెప్పలేదు. మా అటక మీద పెద్ద ఇత్తడి బిందె ఉంది. మెడ కింద పేరు కొట్టించి ఉంది: "ద. సూరమ్మ". మా ఇంటిపేరు ద అక్షరంతో మొదలుకాదు. ఆ పొడి అక్షరం పుట్టింటివాళ్లది, పెళ్లినాడు సారెతో వచ్చిన బిందె. మా ముత్తాత భార్యకి పుట్టింటివాళ్లు పెట్టిన పేరు సూరమ్మ. ఆయన ఏళ్లకేళ్లు రంగంలో ఉండిపోతే ఇక్కడ తోట వేయించిందీ, బోదె తవ్వించిందీ, ఇద్దరు బిడ్డల్ని పెంచిందీ ఆవిడ. రంగం మేస్త్రి భార్యని ఊరు రంగమ్మ అంది. ఆ ఇద్దరు కొడుకుల్లో ఒకడు మా తాత, మా మేనత్తకి తండ్రి. భర్త దూరమైతే అన్న మాట కూడా నిజమే, సముద్రమంత దూరం. తరం మారేసరికి ఆ దూరం చావు అయింది, ఆవిడ మా ముత్తాతకి భార్య కాకుండా తల్లి అయింది. మేనత్త కథలో సగం కంటే ఎక్కువ నిజమే ఉంది. వరసలు ఒక మెట్టు జారాయి. ఇంటి కథల్ని నేను ఎప్పుడూ తీసిపారెయ్యను. వాటిలో మనుషులు అబద్ధం కారు, వాళ్లు నిలబడిన చోటు మారుతుంది.

ఆడవాళ్లని వెతకడం అన్నిటికంటే కష్టం. కాగితాల్లో "భార్య" అని ఉంటుంది, పేరుండదు. పేరు ఉన్నా పాపమ్మ, అమ్మన్న లాంటివే. కానీ ఊరు ఆడదాన్ని పిలిచే పద్ధతి ఒకటుంది, అది మనకి ఎంతో మేలు చేస్తుంది. అత్తవారింటికి వచ్చిన పిల్లని ఆమె పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. అంబాజీపేటామె, ముక్తేశ్వరామె, రాజోలత్త, పాలకొల్లు పిన్ని. పొలాల్లో, చెరువుగట్టున, పెళ్లిళ్లలో అదే ఆమె పేరు. ఇప్పటి పిల్లలు అది విని చిన్నచూపు అనుకుంటారు. ఒక రకంగా ఆమె పేరు ఆమెకు లేకుండా చేసిన మాట నిజమే. అయితే ఆమె పుట్టిల్లు ఎక్కడో చెప్పే ఆధారం చాలా ఇళ్లలో ఇదొక్కటే మిగిలింది. ఇంట్లో ముసలివాళ్లు "మా రాజోలు నాయనమ్మ" అంటే రాజోల్లో ఏ ఇంటి ఆడపడుచో వెతకాలి. అందుకు రాగి, కంచు, ఇత్తడి సామాన్ల మీద కొట్టించిన అక్షరాలు చూడాలి. అక్కర్లేదని తూకానికి అమ్మేసే ముందు ఫొటో తీసి పెట్టుకోవాలి. ఎన్ని బిందెలు కరిగిపోయాయో, వాటితో ఎంతమంది ఆడవాళ్ల పుట్టిళ్లు కరిగిపోయాయో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

చదివింపుల పుస్తకాలు కూడా అలాంటివే. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఒకాయన కూర్చుని రాస్తాడు. తిరిగి వాళ్లింట్లో పెళ్లికి అంతకు తగ్గకుండా ఇవ్వాలి కాబట్టి ఆ పుస్తకం పారెయ్యరు. అందులో ఇంటిపేర్లు తక్కువ. మేడోళ్లు, కావిడోళ్లు, పాతింటోళ్లు, రాజోలు బావగారు అని ఉంటుంది. మనం రికార్డులంటే ఆఫీసుల్లోవే అనుకుంటాం. మారుపేర్లని ఉన్నవున్నట్టు రాసిన రికార్డు బీరువాలో పెళ్లిచీరల కింద ఉంటుంది.

దేవుడి పేర్లు ఇంకొక దారి చూపిస్తాయి. పెంచలయ్య అనే పేరు ఎక్కడ కనబడినా నేను నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామిని తలుచుకుంటాను. మాలకొండయ్య ప్రకాశం వైపు మాలకొండవాడు. కోటయ్య కోటప్పకొండ మొక్కు. పైడయ్య, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. సమ్మయ్య, సారక్క అంటే మేడారం. ఓదెలు అంటే ఓదెల మల్లన్న. కొమురయ్య అంటే కొమురవెల్లి. డెల్టాలో కాలవలు వచ్చాక, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, పైనుంచి ఎన్నో కుటుంబాలు దిగి వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చారో మరిచిపోయిన ఇంట్లో మూడు తరాలకొక పెంచలయ్య వస్తుంటే ఆ కొండకేసి చూడాలి. మస్తాన్‌రావు, మస్తానమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్లలో చూసి ఆశ్చర్యపోయేవాళ్లు గుంటూరు కాలే మస్తాన్ దర్గాకో, నెల్లూరు జిల్లా కసుమూరుకో ఒకసారి వెళ్లి రావాలి. బిడ్డ నిలిస్తే నీ పేరు పెట్టుకుంటామని మొక్కిన తల్లి మతం అడగలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నూకరాజు, నూకాలమ్మ అనే పేర్లు చూసి నూకలు తిని బతికిన బీదవాళ్లు కాబోలని రాసినవాళ్లున్నారు. అది అనకాపల్లి నూకాలమ్మ తల్లి పేరు. కానీ తవుడు, తవిటయ్య, తవిటినాయుడు అనే పేర్లు నిజంగా తవుడే. పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే, తరవాతి బిడ్డని పొరుగామె చేతిలో పెట్టి గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసేవారు. ఇది నీ బిడ్డ కాదు, తవుడికి కొన్నది అని మృత్యువుకి చెప్పడం. పెంటయ్య పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి ఎత్తుకొచ్చిన బిడ్డ. కుప్పయ్య కూడా అంతే. పుల్లయ్యని ఎంగిలి విస్తళ్లలో దొర్లించారు. పిచ్చయ్య, పిచ్చమ్మ అనేవి కూడా అలాంటి పేర్లే. చదువుకున్న మనవలు ఈ పేర్లకి సిగ్గుపడి వంశవృక్షంలో ప్రకాశరావులుగా దిద్దుతున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పెంటయ్య అనే పేరు ఉందంటే అతనికంటే ముందు ఆ తల్లి కడుపున పుట్టి పోయిన బిడ్డలు ఉన్నారని అర్థం. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు ఉన్నారనడానికి మిగిలిన సాక్ష్యం ఈ ఒక్క పేరే.

పేరు మార్చడం మనవలతో మొదలు కాలేదు. బళ్లో చేర్చేటప్పుడు పంతులుగారే మార్చేవారు. తవుడు అని చెబితే వెంకట్రావు అని రాసుకునేవారు. ఇంట్లో ఒకటి, బడి రిజిస్టర్లో ఒకటి. అక్కడ తరాలు తెగిపోతాయి. తండ్రి దస్తావేజులో కొడుకు తవుడు, కొడుకు దస్తావేజులో తాను వెంకట్రావు. మధ్యన వంతెన ఊరి నోట్లో మిగిలిన పేరే.

కులాన్ని బట్టి పేరు రాసిన తీరు గురించి కూడా దాచకుండా చెప్పాలి. పాత కాగితాల్లో ఒకే ఊరివాళ్లు, ఒకే పేరుగలవాళ్లు ఇద్దరుంటే భూస్వామి వెంకయ్యగారు అవుతాడు, అతని పాలేరు వెంకడు అవుతాడు. పోలయ్య పోలిగాడు అవుతాడు. అది ఊరు ముద్దుగా పిలిచిన మారుపేరు కాదు. రాసేవాడి కలం ఆ మనిషిని కూర్చోబెట్టిన చోటు అది. దళిత కుటుంబాల పిల్లలు పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చినప్పుడు నేను రెండు మాటలు చెబుతాను. వెతికేటప్పుడు వెంకడు, ఎంకడు, పోలిగాడు అనే అక్షరాలతోనే వెతకండి, లేకపోతే దొరకరు. మీ వంశవృక్షంలో రాసుకునేటప్పుడు మాత్రం వెంకయ్య, పోలయ్య అని మర్యాదగా రాయండి, పక్కన కాగితంలో ఎలా ఉందో చిన్న అక్షరాలతో పెట్టండి. ఆ రెండూ పక్కపక్కన ఉంటే జరిగిందేమిటో మీ పిల్లలకి తెలుస్తుంది. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ పెట్టినప్పుడు గుళ్లకీ బ్రాహ్మలకీ ఇచ్చిన మాన్యాలే కాక, ఊరికి పని చేసే కుమ్మరి, మంగలి, చాకలి, వెట్టివాళ్ల మాన్యాలు కూడా రిజిస్టర్లకెక్కాయి. ఇనాందారు పేరు, వయసు, వారసులు అందులో ఉంటారు. భూమి పెద్దగా లేని కుటుంబాలకి దొరికే తొలి కాగితం చాలాసార్లు అదే అవుతుంది. మనకి కాగితాలు ఉండవులే అని చూడకుండా వదిలెయ్యవద్దు.

కాగితం కంటే ముందు నోరు ఉంది. చాలా కులాలకి వంశాలు చెప్పే ఆశ్రితులు ఉండేవారు. రెడ్లకీ కాపులకీ కమ్మలకీ పిచ్చుకుంట్లవాళ్లు, గొల్లలకి మందెచ్చులవాళ్లు, పద్మశాలీలకి కూనపులివాళ్లు, మాదిగలకి డక్కలివాళ్లు. ఏటికో రెండేళ్లకో ఊరికి వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, ఏ తాత ఏ ఊరినుంచి వచ్చాడో పాడి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్లేవారు. పిచ్చుకుంట్లవాళ్ల పేరు ఇప్పుడు అధికారికంగా వంశరాజ్ అయింది. వాళ్లకి ఇవ్వవలసిన గింజలు ఊళ్లు ఇవ్వడం మానేశాయి, వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు. ఇంకా ఎక్కడైనా ఒక పెద్దాయన మీ ఇంటిపేరు పాడగలిగితే ఆయన్ని పిలిచి, అన్నం పెట్టి, తగిన సంభావన ఇచ్చి రికార్డు చేసుకోవడం మన బాకీ.

ఇదంతా ఇక్కడ ఉన్నవాళ్ల మాట. సముద్రం దాటి శాశ్వతంగా వెళ్లిపోయినవాళ్ల విషయంలో లెక్క తిరగబడింది. మారిషస్‌లో, నేటాల్‌లో ఓడ దిగినవాణ్ణి పేరడిగితే ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. గుమస్తా తనకి వినిపించినట్టు రాసుకున్నాడు. కొడుకుల కాలానికి అదే ఇంటిపేరైంది. మారిషస్‌లో అప్పాడు, నర్సిములు ఇంటిపేర్లు. ఇక్కడ ఊరందరికీ తెలిసిన ఇంటిపేరు అక్కడికి చేరనే లేదు. అక్కడివాళ్లు వచ్చి మా ఇంటిపేరు ఇది అని చెప్పి వెతికితే ఇక్కడ ఏ ఊళ్లోనూ ఆ ఇంటిపేరు ఉండదు. అది తాత పేరో, తాత ముద్దుపేరో. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాల్‌కి వెళ్లిన కూలీలు 1,52,184 మంది. ఓడల పట్టీల్లో పేరుతోపాటు తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు ఉన్నాయి. మారిషస్‌కి వెళ్లినవాళ్ల రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడినుంచి వచ్చి వెతికేవాళ్లు పేరు వదిలేసి ఊరు పట్టుకోవాలి. ఊరు దొరికాక ఇక్కడి పెద్దవాళ్లని ఇంటిపేరు అడగకూడదు. ఫలానా ఇంట్లోంచి ఒకడు ఓడెక్కి పోయాడని ఏమైనా చెప్పుకుంటారా అని అడగాలి. ఓడోళ్లు అనే ఇల్లు ఉన్నా ఉండవచ్చు.

ఇప్పుడు దస్తావేజుల్లో హద్దులు సర్వే నంబర్లతో రాస్తున్నాం. పొరుగువాడి పేరు రాసినా ఆధార్‌లో ఉన్నట్టే రాస్తున్నాం. తగాదాలు తగ్గడానికి అదే మంచిది, ఒక లేఖరిగా నేనే అలా రాయించాను. కానీ మేడోళ్లు, బావికాడోళ్లు, రంగమోళ్లు ఇకమీదట ఏ కాగితంలోనూ చేరరు. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఎనభై దాటినవాళ్లు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని అడగండి. ఊళ్లో మనల్ని ఏమనేవారు, నిన్ను ఏమని పిలిచేవారు, నీకంటే ముందు పుట్టి పోయినవాళ్లు ఉన్నారా, మీ అమ్మది ఏ ఊరు? వాళ్లు చెప్పిన పేరు నవ్వు తెప్పించేదైనా, నొప్పించేదైనా దిద్దకుండా రాసుకోండి. అసలు పేరు పక్కన ఉరఫ్ అని పెట్టి రాయండి. కింద ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో వేసి, చెప్పినవాళ్ల చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి.